చప్పుడు ఆగితే దిగిపో

ఫిబ్రవరి 4, ఆదివారం

మామయ్యా,

నువ్వు కట్టిన సైకిల్ మీద ఇవాళ్టితో వెయ్యి కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఆ మాట ముందు రాసేస్తే తప్ప మిగతావి రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇక్కడ నేను బాగున్నాను. నీ అక్కగారు నన్ను తిట్టే ఓపికతో ఉన్నారు కాబట్టి ఆవిడా బాగున్నట్టే.

రోజూ ఐదింటికి లేస్తున్నాను. బైండింగ్ షాపులో పని తొమ్మిదికి మొదలు. మధ్యలో ఉన్న ఆ నాలుగు గంటలే నావి. మిల్లు గోడ వెంట వెళ్ళి, రైలు గేటు దాటి, క్వారీ వెనకున్న కొండ ఎక్కుతాను. పదకొండు మలుపులు. మొదటిరోజు ఏడో మలుపులోనే దిగిపోయి, తిన్న అరటిపళ్ళు రెండూ నేలకి అప్పజెప్పాను. ఇప్పుడు ఆగకుండా ముప్పై ఒక్క నిమిషాల్లో పైకి చేరుతున్నాను. పనిలోకి వచ్చేసరికి కాళ్ళు నావి కావు. మొన్న కుడుతూ కునుకు తీసి, వంటల పుస్తకం మధ్యలో చట్టాల పుస్తకం కాగితాలు కలిపి కుట్టేశాను. ఓనరు గారు నవ్వాలో ఏడవాలో తెలియక టీ తాగడానికి వెళ్ళిపోయారు.

అసలు సంగతి. ఏప్రిల్ 8న ఆ కొండ మీదే పోటీ. ఇటునుంచి ఎక్కి అటు దిగాలి. మొదటి ముగ్గురికి సైకిల్ పందేల జట్టులో చోటు ఇస్తారు. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది, తీసుకోరు. కాబట్టి నాకున్నది ఈ ఒక్క ఆదివారమే. అమ్మకి చెప్తే, "పడితే ఎముకలు ఏరుకునే ఓపిక నాకు లేదు" అని గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

ఇంకొకటి, చిన్నదే. నిలబడి తొక్కుతున్నప్పుడు ఎక్కడో టిక్కుమంటోంది. ఏమై ఉంటుందంటావు? అడుగుదామని షాపు నుంచి నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎప్పుడూ ఎత్తవేం?

నోరు మూయదని నువ్వు పెట్టిన పేరు నిలబెడుతున్న
గిలక

—

ఫిబ్రవరి 9

గిలకకి,

వెయ్యి కిలోమీటర్లకి వంగి దండం పెడదామనుకున్నాను గాని నడుం ఒప్పుకోలేదు. ఇక్కడి నుంచే పెట్టాననుకో.

ఫోన్ గొడవ వదిలెయ్యి. ఆ పెట్టెకీ నాకూ పడదు. పనిలో ఉండగా పిలుస్తుంది, చేతులు కడుక్కుని వచ్చేసరికి అలిగి ఊరుకుంటుంది. ఉత్తరమైతే నేను ఖాళీగా ఉన్నప్పుడు మాట్లాడుతుంది. నువ్వు కూడా ఉత్తరంలోనే కాస్త తక్కువ మాట్లాడతావు.

ఇక చప్పుడు. నేనడిగినవాటికి చూసి జవాబు రాయి. కూర్చుని తొక్కితే వస్తోందా? ఒక కాలితో తొక్కితే వస్తోందా? హ్యాండిల్ వదిలేస్తే ఆగుతోందా? పెడళ్ళు విప్పి, గ్రీజు రాసి మళ్ళీ బిగించు. నూటికి తొంభై చప్పుళ్ళు పెడళ్ళవే. జనం మాత్రం ఫ్రేము మీద పడి ఏడుస్తారు.

ఒక మాట గుర్తుపెట్టుకో. చప్పుడు చేసేదాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. అది ఇంకా చెప్పుకుంటోంది, వినేవాళ్ళు వింటారు. రోజూ వచ్చే చప్పుడు ఎవరూ ముట్టుకోకుండా దానంతటది ఆగిపోయిందనుకో, మారుమాట లేకుండా దిగిపో. ఏ మలుపైనా సరే, ఏ పోటీ అయినా సరే.

నీ సైకిల్‌కి ఎనిమిది అతుకులు. అన్నీ ఇత్తడి కరిగించి పోసినవే. రంగు వేసేముందు ప్రతి అతుకునీ చిన్న సుత్తితో కొట్టి వింటానని నీకు తెలుసు. ఇత్తడి లోపలిదాకా పాకితే గంటలా పలుకుతుంది, పాకకపోతే మొద్దుగా పలుకుతుంది. చిన్నప్పుడు నా బల్ల కింద కూర్చుని, "ఇది పాడుతోంది, ఇది దగ్గుతోంది" అని నాకంటే ముందు చెప్పేసేదానివి. కాబట్టి ఫ్రేము గురించి బెంగ పెట్టుకోకు.

అక్కయ్యని తిట్టనీ. ఆవిడ తిట్టడం మానేసిన రోజు నాకు కబురు చెయ్యి.

గ్రీజు చేతులతోనే
మామయ్య

—

ఫిబ్రవరి 20

మామయ్యా,

నీ ప్రశ్నపత్రం రాసేశాను. కూర్చుంటే రావడం లేదు. హ్యాండిల్ వదిలేసి తొక్కితే రావడం లేదు. నిలబడి, హ్యాండిల్‌ని ఎడమవైపు గట్టిగా లాగితే మాత్రం వస్తోంది. పెడళ్ళు విప్పి బిగించాను. అయినా టిక్కు.

ఇవాళ గేటు పడి రైలు కోసం ఆగినప్పుడు ఇంకో పని చేశాను. ముందు బ్రేకు పట్టుకుని, సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతూ వేళ్ళతో వెతికాను. హ్యాండిల్ కింద నిలువు గొట్టం ఉంటుందే, దాన్ని కింది పొడవు గొట్టం కలిసేచోట, బొటనవేలికి తగిలింది. చప్పుడు అక్కడిదే. రంగు మీద వెంట్రుకంత గీత కూడా ఉంది. వెంట్రుకే అనుకుని గుడ్డతో తుడిచాను. పోలేదు. రంగు బీటేసిందా?

అది సరే, ఇరవై తొమ్మిది నిమిషాలు. ఆ జట్టు కోచ్ మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి ఆయన పేరే విజిల్ అయిపోయింది. ఆయన మొదటిసారి నా వైపు చూసి, "ఎక్కడం వచ్చు, దిగడం చూడాలి" అన్నారు. అప్పటినుంచీ దిగడం సాధన చేస్తున్నాను. అటుపక్క వాలులో నాలుగు మలుపులు బ్రేకు ముట్టుకోకుండా దిగుతున్నాను. అక్కడ కళ్ళల్లో నీళ్ళొస్తాయి, చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ ఉండదు. భయం వేస్తుంది. కింద ఆగాక మళ్ళీ ఎక్కాలనిపిస్తుంది.

అమ్మకి ఈ నాలుగు మలుపుల సంగతి తెలియదు. నీ కడుపులోనే ఉంచుకో.

గిలక

—

ఫిబ్రవరి 25

గిలకకి,

ఉత్తరం అందింది. నువ్వు మరీ ఎక్కువ కష్టపడుతున్నావనిపిస్తోంది. ఇంత చిన్న వయసులో మోకాళ్ళు అరగదీసుకుంటే తర్వాత ఏడవాలి. ఒక నెల సైకిల్ ఎక్కకు. ఆ సైకిల్‌ని బస్సు మీద వేయించి నా దగ్గరికి పంపించు. రంగు మళ్ళీ వేసి ఇస్తాను. నాకేం తొందర లేదు, నీకూ ఉండకూడదు.

అక్కయ్య కూడా భయపడుతోంది. ఆవిడ భయంలో అర్థం ఉంది. పోటీలు ఎక్కడికీ పోవు.

వెంటనే పంపించు. దిగడం మాత్రం పూర్తిగా ఆపెయ్యి.

మామయ్య

—

మార్చి 2

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాసింది నువ్వు, మాటలు అమ్మవి.

ఎప్పుడు రాసింది నీకు? లేక మీరిద్దరూ మొదటినుంచీ ఒకటేనా? వెయ్యి కిలోమీటర్లకి దండం పెట్టినవాడికి ఇరవై రోజుల్లో నా మోకాళ్ళ మీద ఇంత ప్రేమ ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది? పోటీకి నెల ఉంటే, నెల ఎక్కొద్దంటావు. పోటీలు ఎక్కడికీ పోవంటావు. నాకు వయసు దాటిపోతుందని మొదటి ఉత్తరంలోనే రాశాను. చదవలేదా?

రంగు పోటీ అయ్యాక వేద్దువుగాని. రంగు లేకపోతే సైకిల్ నడవదా?

అమ్మని అడిగాను. "నేనెవరికీ ఏమీ రాయలేదు" అంది, తల ఎత్తకుండా. తల ఎత్తకుండా చెప్పే మాటలు నిజమో కాదో నీకు తెలియనిది కాదు.

గిలక

—

మార్చి 7

గిలకకి,

అక్కయ్య నాకు అక్షరం ముక్క రాయలేదు. ఒట్టు పెట్టమంటే పెడతాను. ఆవిడ పేరు ఎత్తడం నాదే పొరపాటు.

ఆ ఫ్రేము నీకు సరిపోదు. నాకిప్పుడు తోస్తోంది. నువ్వు అనుకున్నదానికంటే బలంగా తొక్కుతున్నావు. కొండకి ఇంకాస్త మందం గొట్టాలు ఉండాల్సింది. ఇంకోటి కట్టి ఇస్తాను. పోటీకి అందదు, నిజమే. అంతవరకూ తొక్కకుండా ఉండలేనంటే చదునుగా ఉన్న రోడ్డు మీద మెల్లగా తొక్కు. కొండ ఎక్కినా, దిగేటప్పుడు మాత్రం నడిపించుకుంటూ దిగు.

నీకొక మాట చెప్పాలి. రాద్దామని కూర్చున్నాను గాని కాగితం అయిపోయింది.

మామయ్య

—

మార్చి 12

మామయ్యకి,

కాగితం వెనకవైపు ఖాళీగానే ఉంది.

కొండ పైదాకా ఎక్కి, నడిపించుకుంటూ దిగమన్నావు. విజిల్‌కి చెప్తే జట్టంతా ఒక వారం నవ్వుకుంటుంది. సరే, మీరే గెలిచారు. సైకిల్‌ని వంటగది పక్క గోడకి తగిలించేశాను. పోటీకి వెళ్ళడం లేదు. దాని మీద ఇప్పుడు అమ్మ తువ్వాళ్ళు ఆరేస్తోంది.

ఇక నీకు బెంగ ఉండదు.

గి.

—

మార్చి 18

తల్లీ,

నీ ఉత్తరం చూసి ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాను. నువ్వు కోపంతో రాశావని తెలుస్తోంది. కోప్పడు. ఎంత కావాలంటే అంత కోప్పడు. గోడకి ఉన్న సైకిల్ గోడకే ఉండనీ. తువ్వాళ్ళు కాదు, దుప్పట్లు ఆరేసుకోమను అక్కయ్యని.

నేను మంచం మీద ఉన్నాను, కంగారు పడకు. పోయిన వారం గొట్టాల కట్ట దింపుతుంటే జారి కాలి మీద పడింది. బండివాడు వెనక నుంచి "తప్పుకో, తప్పుకో" అని అరిచాడట. నేను ధ్యాసలో లేను. పాదం ఎముక బీటేసింది. కట్టు కట్టారు. నెల పైన కాలు నేల మీద మోపకూడదట. ఊరుకోలేక మంచం పక్కనే గొట్టాన్ని కదలకుండా పట్టే చిన్న బిగింపు పెట్టించుకుని, కూర్చుని ఆకురాయి పడుతున్నాను. పక్కింటి టైలరమ్మ తన తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చి రెండుపూటలా తిండి పెట్టి పోతోంది.

ఆ రోజు కాగితం అయిపోలేదు. చెప్పాల్సిన మాట ఉత్తరంలో పట్టేది కాదు. ఎదురుగా కూర్చుని చెప్పాలి. వీలు చూసుకుని ఒకసారి రా. సైకిల్ కూడా తీసుకురా.

ఒంటికాలి
మామయ్య

—

ఏప్రిల్ 2, సోమవారం

మామయ్యకి,

నిన్న వచ్చాను. నీకు తెలుసు కదా.

ముందు నా అబద్ధం చెప్తాను. సైకిల్ ఒక్కరోజు కూడా గోడకి లేదు. రోజూ తొక్కాను. ఇరవై ఏడు నిమిషాల పది సెకన్లు. మీ ఇద్దరి నోళ్ళూ మూయించడానికి అలా రాశాను. తర్వాత నీ కాలు సంగతి చదివి మనసు ఆగలేదు. ఎదురుగా చెప్పాల్సిన మాట ఉందన్నావు. అబద్ధానికి క్షమించమని అడుగుదామనీ, ఆ గీత ఒకసారి నీ కళ్ళతో చూడమని అడుగుదామనీ, ఆదివారం సాధన మానేసి, సైకిల్‌ని బస్సు మీద కట్టించి, నాలుగు గంటలు కూర్చుని వచ్చాను.

అరగంట తలుపు కొట్టాను. లోపల ఆకురాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. పిలిచాను. కిటికీ దగ్గరికి వచ్చి గాజు మీద కొట్టాను. నా వైపు వీపు పెట్టుకుని కూర్చున్నావు. తిరగలేదు. టైలరమ్మ ఇంటికి తాళం. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. కాలు బాగాలేదు, లేవలేవు, ఒప్పుకున్నాను. ఎవరూ అని అరవడానికి నోటికేమైంది?

సైకిల్ మళ్ళీ బస్సు మీద కట్టించేటప్పుడు కండక్టరు, "ఇప్పుడే కదమ్మా దింపాం" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అందరిముందూ ఏడ్చాను.

పోటీ ఈ ఆదివారం. బుధవారం నుంచి పనికి సెలవు పెట్టాను. నేను తొక్కుతాను, దిగుతాను, బ్రేకు ముట్టుకోను. నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినా పోటీ అయ్యేదాకా విప్పను. రాయాలనుకుంటే రాసుకో.

నీ మేనకోడలు

—

ఏప్రిల్ 5, గురువారం

గిలకా,

ఈ ఉత్తరం విప్పు. నన్ను జన్మలో క్షమించకు, కానీ విప్పు. ఆ సైకిల్ ఎక్కకు.

అది రంగు బీటు కాదు. అతుకు బీటు. ముందు చక్రం మోసేది ఆ అతుకే. అది దిగేటప్పుడు విడిపోతే హ్యాండిల్ నీ చేతిలోనే ఉంటుంది, సైకిల్ ఉండదు. నీ ఫిబ్రవరి ఉత్తరంలో వెంట్రుక అని చదివిన నిమిషంలోనే నాకు తెలిసింది. అప్పుడే రాయాల్సింది. మోకాళ్ళనీ, రంగనీ, మందం గొట్టాలనీ చెత్తంతా రాశాను.

ఎందుకంటే నాకు వినపడదు. రెండేళ్ళ నుంచి. మొదట ఫోన్ పోయింది, తర్వాత మనుషులు పోయారు, ఆఖరికి సుత్తి పోయింది. దెబ్బ పడిందని చెయ్యి చెప్తోంది, చెవి చెప్పడం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెవిటివాడు అతికిన సైకిల్ ఎవరు కొంటారు? ఎదుటివాళ్ళ పెదాలు చూసి నెట్టుకొచ్చాను. అర్థం కానిచోట నవ్వేవాణ్ణి. నీ సైకిల్‌కి రంగు వేసేముందు రోజు నువ్వు ఇక్కడే ఉన్నావు. ఎనిమిది అతుకులూ నీ ముందే కొట్టాను. వింటున్నట్టు తల పంకించాను. నువ్వు నా వెనక నిలబడి ఏదో అన్నావు. నేల మీద నీ నీడ కదిలింది. ఏమన్నావో నాకు తెలియదు. నవ్వి, పని కానిచ్చాను.

మొన్న నువ్వు కొట్టిన తలుపు కూడా నాకు తెలియదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది. అరగంట. నా వెనకే, గాజుకి అవతల.

చెవి పోయాక మూడు ఫ్రేములు కట్టాను. మిగతా రెండూ పోయిన నెలలోనే వెనక్కి రప్పించి ముక్కలు చేశాను. మూడోది నీ కింద ఉంది.

టైలరమ్మకి ఇవాళ అంతా చెప్పాను. ఆవిడ మీ షాపుకి ఫోన్ చేస్తే నువ్వు సెలవులో ఉన్నావని చెప్పి పెట్టేశారట. మీ ఇంట్లో ఫోన్ లేదు. పోస్టులో వేస్తే అందదు. కాలు కింద పెడితే పడిపోతున్నాను, రెండుసార్లు ప్రయత్నించాను. ఇది రేపటి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. నిన్ను బస్సెక్కించినవాడే. టైలరమ్మ వెళ్ళి అడిగితే, నువ్వు ఏడ్చావని అతనికి గుర్తుందట.

విప్పు తల్లీ.

మామయ్య

—

ఏప్రిల్ 9, సోమవారం

మామయ్యా,

బతికే ఉన్నాను. చేతులూ కాళ్ళూ లెక్కపెట్టుకున్నాను, అన్నీ ఉన్నాయి. ఇక నెమ్మదిగా చదువు.

కండక్టరుకి శనివారం దాకా డ్యూటీ తెమలక, ఆ రోజు మా ఇంటికి వచ్చి, తాళం వేసి ఉంటే, ఆదివారం పొద్దున మళ్ళీ వచ్చి ఉత్తరం అమ్మకిచ్చాడట. పోటీ మొదలయ్యేచోటికి అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. జన్మలో నా సైకిల్ వైపు చూడని మనిషి. "మామయ్య ఉత్తరం, వెంటనే చదవమన్నాడట" అంది ఆయాసపడుతూ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఖరి నిమిషంలో ఇద్దరూ కలిసి వచ్చారనుకున్నాను. అమ్మ చూస్తుండగానే, విప్పకుండా చొక్కా వెనక జేబులో కుక్కుకుని సున్నం గీత దగ్గరికి వెళ్ళిపోయాను. నలభై ఒక్క మందిమి. విజిల్ ఊదారు.

మూడో మలుపు దాకా గుంపులో ఉన్నాను. తర్వాత నిలబడ్డాను. టిక్కు, టిక్కు, టిక్కు. నాకది అలవాటైపోయింది మామయ్యా, దాంతోనే లెక్కపెట్టుకుంటూ ఎక్కుతాను. ఏడో మలుపులో ఆరోదాన్ని. తొమ్మిదో మలుపులో మూడోదాన్ని. నా వెనక చక్రానికి చక్రం ఆనించి ఒకమ్మాయి. పదో మలుపు దాటాక, ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటో తెలియలేదు. ఊపిరి సరిగానే ఉంది, కాళ్ళు సరిగానే ఉన్నాయి. పదకొండో మలుపులో తెలిసింది. చప్పుడు లేదు.

హ్యాండిల్‌ని ఎడమవైపు లాగాను. లేదు. ఇంకా గట్టిగా లాగాను. లేదు. ఎదురుగా కొండ కొస, అవతల వాలు. మూడోదాన్ని, జట్టులో చోటు నాదే. జేబులో ఉత్తరం వీపుకి గుచ్చుకుంటోంది. కానీ నేను ఆగింది ఆ ఉత్తరానికి కాదు. దాన్లో ఏముందో నాకు తెలియదు కదా. ఫిబ్రవరిలో రాసిన ముక్కకి ఆగాను. ఎవరూ ముట్టుకోకుండా ఆగిపోతే దిగిపో, ఏ పోటీ అయినా సరే అన్నావు. నీ మీద అంత కోపంలోనూ నా చేతులు నీ మాటే విన్నాయి. బ్రేకు పట్టేశాను.

వెనకమ్మాయి తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. విజిల్ జీపులోంచి, "ఏమైంది, ఏమైంది" అని అరిచారు. చప్పుడు ఆగిపోయింది సార్ అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయారు.

రోడ్డు పక్కన కూర్చుని ఉత్తరం విప్పాను. చదివాక లేచి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని, హ్యాండిల్‌ని నా వైపు ఒక్కసారి లాగాను. అంతే. కింది గొట్టం ఊడొచ్చింది, పైది వంగిపోయింది. ఆ వాలులో మొదటి మలుపు పక్కన ఎంత లోయ ఉందో నీకు తెలియదు. నాకు తెలుసు. అమ్మ కొండంతా నడిచి ఎక్కి వచ్చింది. సైకిల్ని చూసింది, తిట్టలేదు. తిట్టడం మానేసిన రోజు కబురు చెయ్యమన్నావుగా, చేస్తున్నాను.

ఇప్పుడు నా కోపం విను. చెవులు పోయినందుకు కాదు. మోకాళ్ళని సాకు చెప్పినందుకు. నీ పరువు కోసం నలభై రోజులు నన్ను ఆ వాలులో దించినందుకు. జట్టులో చోటు పోయింది. అది మళ్ళీ రాదు. దానికి ఏడుస్తూనే ఉన్నాను, ఇది రాస్తూ కూడా. నువ్వు నన్ను క్షమించకు అన్నావు. సరే, ఇంకా క్షమించలేదు.

అయితే నాదీ ఒకటుంది. రంగు వేసేముందు రోజు నీ వెనక నిలబడి ఏమన్నానో తెలియదన్నావు. చెప్తాను. నాలుగో అతుకు కొట్టగానే, "మామయ్యా, ఇది దగ్గుతోంది, మళ్ళీ కొట్టు" అన్నాను. నువ్వు నవ్వావు. నాకు తెలియనిది నీకు తెలుసనుకుని నోరు మూసుకున్నాను. జన్మలో ఒక్కసారి నోరు మూసుకున్నాను, అదీ అక్కడ. ఆ అతుకే ఊడింది.

వచ్చే ఆదివారం అమ్మా నేనూ వస్తున్నాం. విరిగిన ఫ్రేము తెస్తున్నాను. గొట్టాలు సిద్ధంగా పెట్టుకో, మందంవి అక్కర్లేదు, అవే చాలు. నువ్వు అతుకు, నువ్వే కొట్టు. నేను వింటాను. దగ్గితే దగ్గిందని నీ ఎదురుగా నిలబడి చెప్తాను, ఎన్నిసార్లయినా కోయిస్తాను. జట్టు లేకపోయినా కొండ అక్కడే ఉంది.

పదకొండు గంటల బస్సు. తలుపు దగ్గరికి వేసి ఉంచు, గడియ పెట్టకు. కొడితే నీకు వినపడదు.

గిలక